విండోస్ 11 హోమా, సింగిల్ లాంగ్వేజా, ప్రోనా? తిరుపతిలో ల్యాప్‌టాప్ కొనేవాళ్ళ కోసం

ముందే చెప్పేస్తా. ఇంట్లో వాడకానికి, పిల్లల చదువుకి, ఎక్సెల్‌కి, ట్యాలీకి విండోస్ 11 హోమ్ సరిపోతుంది, ప్రోకి అదనంగా డబ్బు పెట్టే పని లేదు. అదే ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరో వచ్చి కూర్చునే చోటైతే, లేదా మీరు ఇంకో ఊళ్ళో ఉండి దాంతో పని చేయించుకోవాల్సి వస్తే, అప్పుడు ప్రో దండగ కాదు. నేను తిరుపతిలో ఒక చిన్న ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పని చేస్తా. ఆఫీసు సిస్టమ్స్ బాగోగులు నావే, చుట్టాల్లో ఎవరు ల్యాప్‌టాప్ కొంటున్నా ఫోన్ నాకే వస్తుంది, అందుకని ఈ మూడు ఎడిషన్లూ రోజూ నా చేతుల్లో నలుగుతూనే ఉంటాయి.

"ప్రో అయితే స్పీడుగా ఉంటుంది సార్, హ్యాంగ్ అవ్వదు" అని కౌంటర్ దగ్గర చెప్తారు చూడండి, ఆ మాట అక్కడే వదిలేసి రండి. లోపల ఉండేది ఒకటే విండోస్. వైరస్‌లని పట్టే అదే డిఫెండర్, అదే ఫైర్‌వాల్, ముఖం చూసి తెరుచుకునే అదే విండోస్ హలో, నెలకోసారి రెండో మంగళవారం రాత్రి దిగే సెక్యూరిటీ అప్‌డేట్లూ అవే. గేముల్లో కూడా తేడా రాదు. హోమ్ 128 జీబీ ర్యామ్ దాకా తీసుకుంటుంది, ప్రో 2 టీబీ దాకా తీసుకుంటుంది, మనం కొనేది 8 జీబీదో 16 జీబీదో, కాబట్టి ఆ లెక్క మనకెందుకు చెప్పండి. స్పీడే కావాలంటే ప్రోకి పెట్టే డబ్బుతో 8 జీబీని 16 చేయించుకోండి, లేదా పాత హార్డ్ డిస్క్ పీకించి ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా అదే రోజు సాయంత్రానికి కనపడుతుంది.

చిన్న ఎడిషన్ అంటే చేతకానిది అనే అభిప్రాయం ఊరికే రాలేదు లెండి. ఎక్స్‌పీ రోజుల్లో స్టార్టర్ ఎడిషన్ అని ఒకటి ఉండేది, ఒకేసారి మూడు ప్రోగ్రాములకి మించి తెరవనిచ్చేది కాదు. తర్వాత విండోస్ 7 స్టార్టర్ వచ్చింది, అందులో డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ కూడా మార్చుకోలేం, పెళ్ళి ఫోటో పెట్టుకుందామన్నా కుదరదు. ఇప్పటి హోమ్ అలాంటిది కాదు, మామూలు మనిషికి చెయ్యి అడ్డుపెట్టే చోట్లు చాలా తక్కువ.

అలాంటి ఒక చోటు దగ్గర మాత్రం మనవాళ్ళు ఎక్కువగా తగులుకుంటారు. దాని పేరు హోమ్ సింగిల్ లాంగ్వేజ్. ఇండియాలో అమ్మే బోలెడు ల్యాప్‌టాప్‌లలో వచ్చేది ఇదే, డబ్బా మీద స్టిక్కర్‌లో "హోమ్" పక్కన "ఎస్ఎల్" అని రెండక్షరాలు చిన్నగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిస్తే ఎడిషన్ పేరు పూర్తిగా కనపడుతుంది. ఫీచర్లన్నీ హోమ్‌వే, ఒక్క తేడా ఏంటంటే మెనూలూ సెట్టింగులూ ఏ భాషలో వచ్చాయో ఆ భాషలోనే ఉండిపోతాయి, రెండో భాష పెట్టబోతే మీ లైసెన్స్‌కి ఒక్క డిస్‌ప్లే భాషే ఉందంటుంది.

మా పెదనాన్న పుత్తూరులో రిటైరైన తెలుగు మాస్టారు. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకుని, "ఒరే, ఈ సెట్టింగులన్నీ తెలుగులో కనపడేట్టు చెయ్యరా, మాటిమాటికీ నిన్ను అడగలేను" అన్నారు. మామూలు హోమ్ అయ్యుంటే టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్ళి తెలుగు ప్యాక్ ఉచితంగా దించుకుంటే సరిపోయేది. ఆయనది ఎస్ఎల్. తెలుగు మెనూల కోసం ప్రోకి అప్‌గ్రేడ్ చేయించుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. టైపింగ్‌కి మాత్రం ఈ అడ్డు లేదు, అది చాలామందికి తెలీక ఎస్ఎల్ అంటే తెలుగు రాదనుకుంటారు. ఏ ఎడిషన్‌లో అయినా తెలుగు కీబోర్డ్ పెట్టుకోవచ్చు, భారతీయ భాషలకి ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ ఉంది, 2019 నుంచి ఫోనెటిక్ కూడా ఇస్తున్నారు, ఇంగ్లీష్ అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతుంది. పెదనాన్నకి ఫోనెటిక్ పెట్టిచ్చా, మెనూల ఊసు మళ్ళీ ఎత్తలేదు. పాత ఫైళ్ళు గౌతమి ఫాంట్‌లో చేసుకున్నవాళ్ళు కొత్త సిస్టమ్‌లో అక్షరాలు వేరేగా కనపడుతున్నాయని కంగారు పడొద్దు, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, అది వేసుకుంటే గౌతమి వచ్చేస్తుంది, దానికీ ఎడిషన్‌కీ సంబంధం లేదు.

అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కొంటుంటే, ఇంగ్లీష్ మెనూలు ఇబ్బంది అనుకుంటే, ఎస్ఎల్ కాని మోడల్ ఉందా అని కొనే ముందే అడగండి. మిగతావాళ్ళకి ఎస్ఎల్ అయినా ఒకటే, హోమ్ అయినా ఒకటే.

ఇక ప్రో. మా ఆఫీసులో ప్రోకి డబ్బు పెట్టించింది రిమోట్ డెస్క్‌టాప్, అంటే వేరే చోట కూర్చుని ఈ సిస్టమ్‌ని నడిపించే ఏర్పాటు. నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్న్‌లు వేయాలి, ఆ రెండు తేదీల ముందు రాత్రుళ్ళు మా పరిస్థితి ఏంటో ఈ లైన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మాలో ఒకాయన చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోతారు, సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఆయన ఇంటికెళ్ళిపోయాక ఏ క్లయింటో ఫోన్ చేసి ఇంకో బిల్లు ఉంది సార్ అంటే, ఇదివరకు పొద్దున దాకా టెన్షనే. ఇప్పుడు ఇంట్లోంచే ఆఫీసు సిస్టమ్‌లోకి వచ్చి ట్యాలీలో ఎంట్రీ వేసేసి పడుకుంటారు.

ఇక్కడ షాపులో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. రెండు వైపులా ప్రో అక్కర్లేదు. ఎవరి సిస్టమ్‌లోకి వెళ్తున్నామో దానికి ప్రో ఉంటే చాలు, వెళ్ళేవాడిది హోమ్ అయినా, ఎస్ఎల్ అయినా, ఆఖరికి ఫోన్ అయినా పర్వాలేదు. చిత్తూరాయన ల్యాప్‌టాప్ ఈ రోజుకీ హోమే. రెండింటికీ ప్రో వేయించుకుని వచ్చినవాళ్ళు నాకు తెలుసు, పాపం.

దీన్ని ఆకాశానికెత్తే ముందు ఇంకో మాట. ప్రో ఉంది కదా, ఒకే సిస్టమ్ మీద నలుగురూ నాలుగు చోట్ల నుంచి పని చేసుకోవచ్చు అనుకుంటే కుదరదు. ఒకసారికి ఒక్కరే. చిత్తూరు నుంచి ఆయన లోపలికి వచ్చిన క్షణం ఆఫీసులో అదే లాగిన్ మీద కూర్చున్నవాళ్ళ స్క్రీన్ లాక్ అయిపోతుంది, మా దగ్గర మొదట్లో "ఎవురప్పా అది, నా సిస్టమ్ లాక్ చేసింది" అని రోజూ ఒక కేక వినపడేది. నలుగురు ఒకేసారి కావాలంటే విండోస్ సర్వర్ తీసుకోవాలి, ఆ ఖర్చు వేరే లెవెల్. ప్రోలోనే నలుగురికి తెరిచే ప్యాచ్ ఉందని కొందరు అంటారు, అది లైసెన్స్‌కి విరుద్ధం, పైగా ఏదో ఒక అప్‌డేట్ వచ్చిన రోజు ఆగిపోతుంది, ఆ రోజు 20వ తేదీ అయితే ఇక చెప్పక్కర్లేదు.

రూటర్‌లో 3389 పోర్ట్ తెరిచేసి రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి పెట్టడం మాత్రం చెయ్యకండి. ఆ పోర్ట్ ఎక్కడ తెరిచుందా అని రాత్రింబగళ్ళు వెతికే ప్రోగ్రాములు ఉంటాయి, పాస్‌వర్డ్ కాస్త తేలికైనదైతే ఫైళ్ళన్నీ లాక్ చేసి డబ్బు అడుగుతారు. ముందు ఒక వీపీఎన్ (బయటివాళ్ళకి కనపడని ప్రైవేటు దారి), దాని లోపల రిమోట్ డెస్క్‌టాప్. ఇదంతా మనకెందుకులే, ఎప్పుడో ఒకసారి ఇంట్లో సిస్టమ్ చూసుకుంటే చాలు అంటారా, అయితే హోమ్ మీదే ఎనీడెస్క్ ఉంది, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. అప్పుడు ప్రో కొనడానికి ఈ కారణం కూడా పోయినట్టే.

రెండో కారణం బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్ళకి వేసే తాళం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే హోమ్ వాడేవాళ్ళకి దీనితో పని లేదనుకుంటారు, వాళ్ళకే ఎక్కువ పని ఉంది. హోమ్‌లో బిట్‌లాకర్ అనే పేరుతో ఉండదు, డివైస్ ఎన్‌క్రిప్షన్ అని దాని తమ్ముడు ఉంటాడు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే అది మిమ్మల్ని అడక్కుండానే ఆన్ అయిపోతుంది, 24హెచ్2 వెర్షన్ నుంచి ఇంకా ఎక్కువ మెషీన్లలో అలా అవుతోంది. మంచిదే, ల్యాప్‌టాప్ బస్సులో పోయినా డిస్క్ తీసి చదవలేరు. ఆ తాళం తెరిచే రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది.

మా చిన్నాన్న కూతురు ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ పోతే ఒక సర్వీస్ షాపులో మార్పించారు. ఆన్ చేస్తే నీలం స్క్రీన్, నలభై ఎనిమిది అంకెల కీ కొట్టమని, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గడులు. బోర్డ్ మారితే అందులో ఆ తాళం వివరాలు దాచే టీపీఎమ్ చిప్ కూడా మారుతుంది, విండోస్ ఇది దొంగతనం అనుకుని తాళం వేసుకుంటుంది, అది దాని డ్యూటీ. అకౌంట్‌లో చూడమ్మా అంటే ఆ పిల్ల అకౌంట్‌లో ఏమీ లేదు. తవ్వితే తేలిందేంటంటే, కొన్న చోట సెటప్ చేసిన అబ్బాయి తొందరకి తన సొంత మెయిల్‌తో అకౌంట్ పెట్టేసి ఇచ్చాడు, తర్వాత ఆ ఉద్యోగం మానేశాడు. మన ఇంటికి తాళం వేసుకుని తాళంచెవి ఊరు వదిలిపోయినవాడి జేబులో పెట్టినట్టయింది. ప్రాజెక్ట్ రిపోర్ట్, ఫోటోలు అన్నీ పోయాయి, ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదు.

కాబట్టి హోమ్ వాడుతున్నవాళ్ళు ఈ రివ్యూ చదవడం ఆపి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లోకి వెళ్ళి డివైసెస్ కింద మీ మెషీన్ రికవరీ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కొత్తది కొంటుంటే సెటప్ మీరే చేసుకోండి, ఎంత బతిమాలినా వాళ్ళ మెయిల్ పెట్టనివ్వకండి. హోమ్ సెటప్ నెట్ లేకుండా, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ముందుకెళ్ళదు, షాపువాళ్ళు తమ మెయిల్ కొట్టేది అందుకే. నెట్ లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెట్టండి, వైఫై డ్రైవర్ లేకపోయినా పని జరుగుతుంది. ప్రోలో అయితే ఆఫీసు వాడకం అని ఎంచుకుని, సైన్ ఇన్ ఆప్షన్లలో డొమైన్ జాయిన్ అనేది నొక్కితే మామూలు లోకల్ యూజర్‌తోనే సెటప్ అయిపోతుంది.

ప్రోలో అసలు బిట్‌లాకర్ ఇచ్చే అదనపు సుఖం ఏంటంటే, ఏ డ్రైవ్‌కి తాళం వేయాలో మీరే చెప్పొచ్చు, కీని ఫైల్‌గా దాచుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌కీ బయటి హార్డ్ డిస్క్‌కీ తాళం వేయొచ్చు. మా ఆఫీసులో క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న బ్యాకప్ డిస్క్ ఒకటి బ్యాగులో ఇంటికీ ఆఫీసుకీ తిరుగుతుంటుంది, దానికి ఈ తాళం తప్పనిసరి. ప్రోలో తాళం వేసిన పెన్‌డ్రైవ్‌ని హోమ్‌లో పెట్టి పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది, హోమ్‌లో కొత్తగా తాళం వేయడం మాత్రం కుదరదు.

ఇక నెట్ సెంటర్లు, లాడ్జి రిసెప్షన్లు. మన ఊళ్ళో వీటికి కొదవా? 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు పొద్దున ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్ళి చూడండి, ఒక్కో సిస్టమ్ ముందు ఎంతమంది కూర్చుని లేస్తారో. అలాంటి ఒక సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూశా, అందులో ఊరూపేరూ తెలియని జనం ఆధార్ కార్డులు, ఒక పెళ్ళి శుభలేఖ, ఎవరిదో హాల్ టికెట్, అన్నీ అలాగే పడున్నాయి. జనం ప్రింట్ తీసుకుని పోతారు, ఫైల్ మాత్రం ఉండిపోతుంది. ప్రోలో కియోస్క్ మోడ్ ఉంది, అంటే సిస్టమ్‌లో ఒక్క యాప్ మాత్రమే తెరిచి ఉంచడం, ఎడ్జ్ బ్రౌజర్‌ని అందులో పబ్లిక్ బ్రౌజింగ్‌లో పెడితే ఒకళ్ళు లేచాక వాళ్ళ లాగిన్లూ హిస్టరీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత కూర్చున్నవాడికి శుభ్రమైన స్క్రీన్. హోమ్‌లో ఈ మోడ్ లేదు. నలుగురి ఆధార్‌లతో వ్యాపారం చేసేవాళ్ళు ఈ మాత్రం ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం, కోపం వచ్చినా సరే.

శాండ్‌బాక్స్ కూడా ప్రోలోదే, నాకు బాగా నచ్చింది. క్లయింట్లు పంపే జిప్ ఫైళ్ళ మీద అనుమానం ఉంటే, విండోస్ లోపలే ఇంకో ఖాళీ విండోస్ తెరుచుకుంటుంది, ఫైల్ అందులోకి కాపీ చేసి విప్పి చూసుకోవచ్చు, విండో మూసేస్తే లోపల జరిగిందంతా పోతుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి, ర్యామ్ 8 జీబీ అన్నా ఉంటే మంచిది. గ్రూప్ పాలసీ, హైపర్-వీ లాంటివి వాటితో పనున్నవాళ్ళకి ఈపాటికే తెలుసు. అప్‌డేట్ల విషయానికొస్తే, హోమ్‌లో ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు, ఆ తర్వాత వేసుకోక తప్పదు. ప్రోలో పాలసీ పెట్టి నెలవారీ వాటిని 30 రోజులు, పెద్ద వెర్షన్లని 365 రోజుల దాకా వెనక్కి నెట్టొచ్చు. పని మధ్యలో రీస్టార్ట్ అయిపోతుందనే బాధకి మాత్రం ప్రో అక్కర్లేదు, రీస్టార్ట్ అవ్వకూడని వేళలు చెప్పే యాక్టివ్ అవర్స్ రెండింట్లోనూ ఉంది, రోజుకి 18 గంటల దాకా పెట్టుకోవచ్చు.

కొన్ని వందలకే ప్రో కీ ఇస్తామనేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే ఆ చవక కీలలో చాలావరకు ఏదో సంస్థకి గుంపుగా ఇచ్చిన వాల్యూమ్ లైసెన్స్ కీలు, బయట అమ్మకూడనివి. ఇంకో రకం కేఎంఎస్ క్రాక్, అంటే పెద్ద సంస్థలు తమ సిస్టమ్స్‌ని యాక్టివేట్ చేసుకునే పద్ధతికి దొంగ నకలు. దాని యాక్టివేషన్ 180 రోజులకే, అందుకే ఆ క్రాక్ ప్రోగ్రాం లోపలే కూర్చుని మళ్ళీ మళ్ళీ పొడిగిస్తుంటుంది, అది పని చేయాలని డిఫెండర్‌ని ఆపేయమంటారు. తాళం ఊడదీసి కాపలావాణ్ణి ఇంటికి పంపమన్నాక మిగిలేదేముంది. మీది ఏ రకమో తెలియాలంటే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎస్ఎల్ఎంజీఆర్ అని ఇంగ్లీష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో ఓఈఎం (మెషీన్‌తో పాటు కంపెనీ ఇచ్చింది) అనో రిటైల్ (విడిగా కొన్నది) అనో ఉంటే చాలావరకు దిగుల్లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొని అందులో వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని కనపడితే వెనక్కి తీసుకెళ్ళి అడగండి.

ఎందుకంటే, కంపెనీ నుంచి హోమ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ కొట్టి "ప్రో ఫ్రీగా వేశాం" అని ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అసలు లైసెన్స్ ఉన్నదాన్ని పీకి దొంగది పెట్టడం అన్నమాట. అదృష్టం ఏంటంటే విండోస్ 8 నుంచి కంపెనీ కీ మదర్‌బోర్డ్ బయోస్‌లోనే ఉంటుంది, ఎవడు ఫార్మాట్ కొట్టినా పోదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ దించుకుని మళ్ళీ వేస్తే ఆ కీని చూసి అదే హోమ్‌ని ఎంచుకుని అదే యాక్టివేట్ అవుతుంది. నిజంగా ప్రో కావాలంటే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి కొనుక్కోండి, ఫైళ్ళు కదలవు, ఒక రీస్టార్ట్‌తో ప్రో అయిపోతుంది. ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటే మాత్రం అంతా తుడిచి మళ్ళీ వేయాలి.

మిగతా ఎడిషన్లు తొందరగా. ఎస్ మోడ్ అని ఉంటే స్టోర్ యాప్‌లు తప్ప ఏదీ ఎక్కదు, మాలాంటివాళ్ళకి డిజిటల్ సంతకం సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కదు. స్టోర్‌లోంచి ఉచితంగా బయటికి రావచ్చు, మళ్ళీ లోపలికి పోలేరు, ఎవరూ పోరు కూడా. ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ సంస్థల ద్వారానే వస్తాయి, ఒక్కో వెర్షన్‌కి 36 నెలల సపోర్ట్, హోమ్‌కీ ప్రోకీ 24. కాలేజీ ఇస్తే హాయిగా తీసుకోండి.

ప్రో కావాలి, అంత ఖర్చు వద్దు అనేవాళ్ళకి నేను చెప్పే దారి చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌లు అక్కడి నుంచి మన ఊరి దాకా వస్తుంటాయి, చాలావాటికి బయోస్‌లోనే ప్రో లైసెన్స్ ఉంటుంది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైన చూసుకోండి, అంతకు ముందువి దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు, విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డబ్బులిచ్చే ముందు అక్కడే రీసెట్ కొట్టించి, నెట్ తగిలించి, సెటప్ మొదటి స్క్రీన్లు మీ కళ్ళముందే నడిపించండి. మధ్యలో ఏదో కంపెనీ లోగో వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, ఆ మెషీన్ ఇంకా వాళ్ళ రిజిస్టర్‌లోనే ఉన్నట్టు, మళ్ళీ ఫార్మాట్ చేసినా మళ్ళీ అదే వస్తుంది. "నెట్ తీసేసి సెటప్ చేస్తే సరిపోతుంది అన్నా" అంటారు. వద్దని చెప్పి ఇంకోటి చూపించమనండి.